బొటనవేళ్ల కథ కన్నా కంపెనీ చిట్టాలు చెప్పేది ఎక్కువ

సంపాదకుల వారికి,

మీ ఆదివారం సంచికలో ఈస్టిండియా కంపెనీ దోపిడీ మీద వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్లాసీ యుద్ధం, క్లైవు, బెంగాల్ కరువు, ఆఖర్న తెల్లవాళ్లు నేతగాళ్ల బొటనవేళ్లు నరికించారన్న మాట. వ్యాసం అక్కడితో అయిపోయింది. తెలుగు పత్రికలో, తెలుగువాళ్ల కోసం కంపెనీ గురించి రాస్తూ మచిలీపట్నం పేరు ఒక్కసారైనా తలవకపోవడం బాధ కలిగించింది. బొటనవేళ్ల సంగతి కూడా సరిగా రాలేదు. ముందు అది చెబుతాను.

ఆ కథకు మూలం 1772లో లండన్‌లో విలియం బోల్ట్స్ అచ్చువేయించిన రాతలు. కంపెనీలో పనిచేసి, దానితో గొడవపడి బయటికొచ్చిన మనిషి. ఆయన రాసింది నేతగాళ్ల గురించి కాదు. బెంగాల్లో పట్టుకాయల నుంచి దారం తీసే పనివాళ్లు, ఆ వెట్టి తప్పించుకోవడానికి తమ బొటనవేళ్లు తామే కోసుకున్నారని రాశాడు. చేతిలో వేలు లేకపోతే దారం తియ్యమని ఎవరూ బలవంతపెట్టలేరు గదా అని. కంపెనీ వాళ్లు కత్తి పట్టుకుని మగ్గాల వాడలకు వచ్చి వేళ్లు నరికారనడానికి ఆధారం దొరకలేదు. ఆలోచిస్తే దొరకదు కూడా. 1820ల దాకా కంపెనీ మన బట్టను ఓడల కొద్దీ కొన్నది. నేతగాడి వేలు దాని లాభానికి మూలం. పోగొట్టుకోవాలని ఎందుకు చూస్తుంది? ఆ వేలు తనకొక్కడికే పనిచేసేట్టు చూసుకుంది. ఎలా చేసిందన్నది మన జిల్లాల్లోనే పూర్తిగా కనబడుతుంది.

కంపెనీకి ఎలిజబెత్ రాణి పట్టా ఇచ్చింది 1600 డిసెంబరు 31న. మచిలీపట్నంలో కొట్టు పెట్టింది 1611లో. చెన్నపట్నానికి చోటు సంపాదించింది ఆ తర్వాత 28 ఏళ్లకు, 1639లో. 1611 నుంచి దాదాపు 150 ఏళ్లు మన తీరంలో అది కొనుగోలుదారు మాత్రమే. వెండీ బంగారం ఓడల్లో తెచ్చి బట్ట కొనుక్కుపోయేది. కొనేవాళ్లు ఇంకా ఉన్నారు. డచ్చివాళ్లు పాలకొల్లు, ద్రాక్షారామం, జగన్నాథపురం, భీమునిపట్నంలో, ఫ్రెంచివాళ్లు యానాంలో ఉండేవాళ్లు. బయానా తీసుకున్న నేతగాడికి ధర గిట్టకపోతే ఆ సొమ్ము తిరిగిచ్చేసి ఇంకొకరికి నేసే వీలుండేది. పేదవాడే అయినా బేరం అతని చేతిలో కొంత ఉండేది. ఈ సంగతి గుర్తుంటే తర్వాత జరిగింది బోధపడుతుంది.

1753లో హైదరాబాదు ఏలిక సలాబత్ జంగు ఉత్తర సర్కారులను, అంటే మన కోస్తా జిల్లాలను, ఫ్రెంచి సేనాని బుస్సీకి ఇచ్చాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డు ఫ్రెంచి సేనను ఓడించాడు. మరుసటి ఏప్రిల్లో మచిలీపట్నం కోట పట్టుకున్నాడు. 1765 ఆగస్టు 12న, బెంగాల్ దివానీ ఇచ్చిన రోజునే, షా ఆలం చక్రవర్తి ఈ సర్కారులకు కూడా ఫర్మానా ఇచ్చాడు. అవి నిజాం ఏలుబడిలో ఉన్న జిల్లాలు. 1766 నవంబరు 12న నిజాంతో ఒప్పందం కుదిరింది. ఏటా తొమ్మిది లక్షల రూపాయలు కట్టేట్టు కంపెనీ ఒప్పుకుంది. గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగు బతికున్నంత కాలం అతని కింద ఉండి, 1788లో కంపెనీ చేతికొచ్చింది.

1766 ఒప్పందం నుంచి లెక్క తిరగబడింది. బట్ట కొనే సొమ్ము ఇంగ్లండు నుంచి రానక్కరలేదు. మన రైతు కట్టిన శిస్తుతో మన నేతగాడి బట్ట కొని లండన్లో అమ్ముకోవచ్చు. కంపెనీ దానికి ‘పెట్టుబడి’ అనే పేరు పెట్టుకుంది. కొనేవాడు, శిస్తు వసూలు చేసేవాడు, తగవు తీర్చేవాడు ముగ్గురూ ఒక్కడే అయిపోయారు.

బట్ట వ్యవహారం కొంచెం వివరంగా చెప్పాలి, పాఠ్యపుస్తకాల్లో ఇది ఒక్క వాక్యంతో పోతుంది గనక. యానాం పక్కనున్న ఇంజరం, నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం, విశాఖపట్నం, మచిలీపట్నంలలో కంపెనీ కొట్లు ఉండేవి. ‘మడపొల్లం’ అని ప్రపంచమంతా పిలిచిన తెల్లబట్టకు మాధవాయిపాలెం పేరే వచ్చింది. బట్ట నాణ్యతకు కొలమానం పుంజం, అంటే పడుగు పోగుల కట్ట. ఒకే పన్నాలో ఎన్ని పుంజాల పడుగు పడితే బట్ట అంత సన్నం, అంత ఖరీదు. కంపెనీ ఏటా ఏ రకం ఎన్ని తానులు కావాలో చెప్పి, ఊరి నేతపెద్దల ద్వారా, దళారుల ద్వారా బయానా పంచేది. ధర ముందే నిర్ణయం. మచ్చు బట్ట ఒకటి కొట్లో ఉండేది. నేసిన తాను తెస్తే దాన్ని మచ్చు పక్కన పరిచి పొడుగు, పన్నా, పోగుల ఒత్తు చూసి మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని వేరుచేసేవాళ్లు. పనికిరాదన్నది వాపసు.

చూడ్డానికి ఇందులో అన్యాయం కనబడదు. ఎక్కడ దెబ్బతింటుందంటే, ధర కట్టింది బట్టకు, నూలుకు కాదు. పత్తి చాలా వరకు పైనుంచి, దక్కను నుంచి లంబాడీల ఎడ్ల మీద దిగేది. వాన పడకపోయినా, దారిలో యుద్ధం వచ్చినా పత్తి ధర, దాంతో నూలు ధర పెరిగేవి. కంపెనీ ధర కదిలేది కాదు. ఆ తేడా నేతగాడే భరించాలి. భరించలేక పేకలో నాలుగు పోగులు తగ్గిస్తాడు, బట్ట పలచబడుతుంది. మచ్చు పక్కన పెడితే రకం దిగిపోతుంది, ధర దిగిపోతుంది. తీసుకున్న బయానాకీ వచ్చిన ధరకీ తేడా అతని పేరు మీద బాకీగా పడుతుంది. వచ్చే ఏటి బయానాలో ఆ బాకీ కోసుకుంటారు. చేతికొచ్చేది తగ్గుతుంది గనక ఆ ఏడు ఇంకా తక్కువ నూలు కొంటాడు. రెండు మూడేళ్లకు బాకీ తీర్చే దారే ఉండదు. బాకీ ఉన్నవాడు ఇంకొకరికి నెయ్యకూడదు. వాపసు వచ్చిన తాను బయట అమ్ముకుందామన్నా ముందు బాకీ తేలాలి. ఆలస్యమైతే బంట్రోతును తెచ్చి గుమ్మంలో కూర్చోబెట్టేవాళ్లు. ఆ బంట్రోతు రోజు బత్తెం కూడా నేతగాడి ఖర్చే.

రకాలు వేరుచేసే గుమాస్తాకు, బయానా పంచే దళారికి ఇందులో ఎంత అవకాశం ఉందో చెప్పనక్కరలేదు. మొదటి రకాన్ని రెండోదని రాస్తే ఆ మధ్య సొమ్ము ఎవరికి పోతుందో నేతగాడికి తెలుసు. ఫిర్యాదు చెయ్యాలంటే కంపెనీ అధికారి దగ్గరికే వెళ్లాలి. పాత రోజుల్లో అయితే యానాం వెళ్లి ఫ్రెంచివాడికి అమ్ముకునేవాడు. ఇప్పుడు ఆ ఊళ్ల చుట్టూ ఉన్న పల్లెలన్నీ కంపెనీ పాలనలో ఉన్నాయి.

శిస్తు సంగతి. సర్కారుల్లో కలెక్టర్లు వచ్చింది 1794లో. అంతకు ముందు దాదాపు 30 ఏళ్లు మచిలీపట్నం, విశాఖపట్నంలలో ఉన్న కంపెనీ వర్తకాధికారులే శిస్తు చూసేవాళ్లు. బట్టల లెక్కలు రాసుకునే మనుషులు జమీందార్ల పేష్కషు, అంటే వాళ్లు కట్టాల్సిన కప్పం, తేల్చేవాళ్లు. ఈ జిల్లాల అసలు రాబడి ఎంత, రైతు ఎంత కడుతున్నాడు అని ఊరూరా తిరిగి విచారించడానికి లండన్ డైరెక్టర్లు ఒక సర్క్యూట్ కమిటీ వేయించారు. 1778లో మద్రాసు గవర్నరుగా దిగిన సర్ థామస్ రంబోల్డ్ ఆ కమిటీని రద్దు చేసి, జమీందార్లందర్నీ మద్రాసు రమ్మన్నాడు. వందల మైళ్లు ప్రయాణం చేసి, అక్కడ నెలల తరబడి ఖర్చు పెట్టుకుని, గవర్నరు ఎదుట గుట్టుగా బేరం తేల్చుకోవాలి. ఆయన మీద లంచాల ఆరోపణలు లండన్ పార్లమెంటు దాకా పోయాయి. శిక్షించే బిల్లు కూడా పెట్టారు. అది తేలకుండానే ఆగిపోయింది. 1780లలో కమిటీని మళ్లీ వేసేదాకా పల్లెల్లో ఏం జరుగుతోందో అధికారికంగా విచారించినవాళ్లే లేరు.

పద్మనాభ యుద్ధాన్ని మనం వీరగాథగా చెప్పుకుంటాం. తప్పు లేదు. దాని వెనక ఉన్నది పేష్కషు బకాయి. కంపెనీ బకాయి కట్టమంది. విజయనగరం రాజు చిన విజయరామరాజు కట్టలేకపోయాడు. విజయనగరం వదిలి, నెలకు 1,200 రూపాయల భత్యం తీసుకుని మచిలీపట్నంలో ఉండమన్నారు. ఆయన వెళ్లలేదు. 1794 జులై 10న పద్మనాభం దగ్గర తన మనుషులతో పాటు ప్రాణం విడిచాడు.

1802 నుంచి వచ్చిన శాశ్వత జమీందారీ పద్ధతిలో లెక్క ఇది. పంటలో సగం రైతుది అనుకున్నారు. మిగిలిన సగంలో మూడింట రెండొంతులు కంపెనీకి, ఒక వంతు జమీందారుకు. అంటే నూరు గింజల్లో 33 కంపెనీవి, 17 జమీందారువి. అయితే నిజంగా గింజలు పంచుకుంటే ఇబ్బంది వచ్చినా తట్టుకోవచ్చు. గడిచిన ఏళ్ల సగటు చూసి ఆ 33కు రొక్కం కట్టి, ఇక ఎప్పటికీ అంతే అన్నారు. వాన పడకపోయినా, గోదావరి ముంచినా, ధాన్యం ధర పడిపోయినా ఆ రొక్కం మారదు. గడువుకు రాకపోతే జమీ వేలం. సర్కారు సొంతంగా ఉంచుకున్న హవేలీ భూముల్ని ఏటా 1,000 నుంచి 5,000 వరహాల రాబడి వచ్చే ముఠాలనే చిన్న జమీలుగా కోసి పాటలో అమ్మారు. పాటలో పోటీ పడి పెంచినవాళ్లు రెండు పంటలు పోయేసరికి చేతులెత్తేశారు. ఎత్తే ముందు రైతు దగ్గర పిండగలిగినంత పిండారు. ఆ పాటలో రైతుకు మాటే లేదు.

ఉప్పు గురించి దండి యాత్రతోనే మనకు గుర్తొస్తుంది. మన తీరంలో అది 125 ఏళ్ల ముందు మొదలైంది. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చింది. నౌపడ నుంచి చినగంజాం దాకా మళ్లలో పండిన ఉప్పంతా కొటార్లకు తోలాలి. సర్కారు నిర్ణయించిన ధరకే ఇవ్వాలి. వేరే అమ్మితే నేరం. ఉప్పునీళ్లు ఇంకి తనంతట తాను పేరుకున్న ఉప్పును కూడా జనం ఎత్తుకోకుండా కాపలావాళ్లు చెరిపేసేవాళ్లు. గరిసె ఒక్కింటికి, అంటే 120 మణుగులకు, అమ్మకం ధర మొదట 70 రూపాయలు పెట్టారు. మణుగుకు 9 అణాల 4 పైలు (అణాకు 12 పైలు) పడుతుంది. 1809లో 105 చేశారు, మణుగుకు 14 అణాలు. 1820లో మళ్లీ 70కి దించి, 1828లో మళ్లీ 105కు ఎత్తారు. 1844లో ఒక్కసారిగా 180కి పెంచి, లండన్ నుంచి అభ్యంతరం వచ్చాక 120 దగ్గర ఆపారు. అంటే మణుగుకు సరిగ్గా రూపాయి. అదే ఏడాది లోపలి దారుల సుంకాలు ఎత్తేశామని గొప్పగా చెప్పుకున్నారు. వర్తకుడి నెత్తిన తగ్గించిన బరువు గంజిలో ఉప్పు వేసుకునే ప్రతి మనిషి మీదా పడింది. ఉప్పు పండించిన వాడికి ఈ ధరలో దక్కింది చిన్న భాగమే.

1813లో కంపెనీకి భారతదేశ వర్తకంలో గుత్త హక్కు పోయింది. అదే కాలంలో ఇంగ్లండు రేవులో మన తెల్లబట్ట మీద కొన్ని రకాలకు నూటికి 80కి మించి సుంకం. అక్కడి మర బట్ట మన రేవుల్లో దిగితే సుంకం నూటికి రెండున్నర, మూడున్నర. 1830 నాటికి మన జిల్లాల్లో కంపెనీ బట్టల కొట్లు మూతబడ్డాయి. తరాల తరబడి ఇంకొకరికి నెయ్యకుండా కట్టిపడేసిన మనుషుల్ని ఒక్కసారిగా వదిలేశారు. ఇదివరకు కొన్న డచ్చివాళ్లు అప్పటికే వెళ్లిపోయారు, ఫ్రెంచివాళ్లు నామమాత్రం. కొట్లు మూసినా మగ్గం పన్ను మాత్రం మానలేదు. మొహతర్ఫా పేరుతో అది 1860ల మొదటి దాకా నడిచింది. పాత రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7,38,308. 1841 నాటికి 5,61,041. కరువులు, వలసలు, కూలిన చెరువులు, పోయిన నేత, అన్నీ ఆ అంకెలో ఉన్నాయి.

ఇక గుంటూరు. 1832–33, నందన నామ సంవత్సరం. డొక్కల కరువు అని పెద్దలు చెప్పుకున్నది ఇదే. జిల్లాలో ఉన్న ఐదు లక్షల మందిలో లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా చనిపోయారని లెక్కలు చెబుతాయి. మద్రాసు దారి పొడవునా శవాలు. పక్కనే కృష్ణ సముద్రంలోకి పోతూ ఉంది. ఆ నీళ్లు మళ్లించవచ్చని ఎవరికీ తెలియక కాదు. 1790లలోనే కంపెనీ సర్వేయరు మైఖేల్ టాపింగ్ ఈ డెల్టాలను కొలిచాడు. బెజవాడ దగ్గర కాలువ తియ్యవచ్చని మేజర్ బీట్సన్ అప్పుడే సూచించాడు. నలభై ఏళ్లు ఆ కాగితాలు కాగితాలుగానే ఉన్నాయి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో అయింది. కృష్ణ ఆనకట్ట 1855లో. కాటన్ దొరకు మనవాళ్లు దండాలు పెట్టడం న్యాయమే. ఆయన కంపెనీతో ఎంత పోరాడితే అవి వచ్చాయో కూడా చెప్పాలి.

సరిగ్గా ఆ 1833లోనే, గుంటూరు శవాలు ఇంకా దారుల్లో ఉండగా, లండన్లో కొత్త చట్టం వచ్చింది. కంపెనీ ఇక వర్తకం చెయ్యదు, పాలన మాత్రం చేస్తుంది. వర్తకం లేదు గనక వాటాదార్లకు లాభం ఎక్కడిది? దానికి ఏర్పాటు చేశారు. 60 లక్షల పౌన్ల మూలధనం మీద నూటికి పదిన్నర చొప్పున, ఏటా 6,30,000 పౌన్లు భారతదేశ శిస్తులోంచి కట్టాలి. పౌనుకు పది రూపాయల లెక్కన అది 63 లక్షల రూపాయలు. ధవళేశ్వరం ఆనకట్టకు కాటన్ వేసిన మొదటి అంచనా సుమారు 4 లక్షల 75 వేల రూపాయలు. అయిన ఖర్చు అంతకు ఎక్కువే అయినా, అంచనా ప్రకారం చూస్తే ఒక్క ఏటి లాభంతో పదమూడు ఆనకట్టలు. ఆ లాభం 1858లో కంపెనీ పాలన పోయాక కూడా ఆగలేదు. 1874లో వందకు రెండు వందలు ఇచ్చి వాటాలు కొనేసేదాకా మన దేశం కట్టింది.

శిస్తు రాబట్టే పద్ధతి గురించి కూడా వ్యాసంలో లేదు. మద్రాసులో స్థిరపడిన తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి 1844లో ‘క్రెసెంట్’ పత్రిక పెట్టి, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి ఈ సంగతులు బయటపెట్టాడు. మరుసటి ఏడు డాన్బీ సేమర్ అనే పార్లమెంటు సభ్యుడు వస్తే ఆయన్ను వెంటబెట్టుకుని పల్లెలు తిప్పాడు. దాంతో లండన్లో చర్చ జరిగి, 1854లో ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో చిత్రహింసల విచారణ కమిషన్ వేశారు. కొద్ది నెలల్లోనే 1,959 ఫిర్యాదులు వచ్చాయి. రెండు కర్రలు ఒక చివర కట్టి మధ్యలో వేళ్లు పెట్టి నొక్కే కిట్టి, మెడకు గుడ్డ వేసి కాలి బొటనవేళ్లకు కట్టి ఎండలో వంచి ఉంచడం, ఆ వీపు మీద రాయి పెట్టడం, ఇవన్నీ 1855 నివేదికలో అచ్చయి ఉన్నాయి. నివేదిక తప్పంతా కింది నేటివ్ ఉద్యోగుల మీద వేసి, దొరలకు సంబంధం లేదంది. ఇంత సొమ్ము గడువులోగా రావాలని పైనుంచి తాఖీదు పంపినవాడు ఆ సొమ్ము ఎలా వచ్చిందని అడగకపోతే అతనికి సంబంధం లేదనడం ఎలా కుదురుతుంది? కొద్దిపాటి జీతానికి పనిచేసే బంట్రోతు కిట్టి బిగించాడు. అతను రాబట్టిన రూపాయి కలెక్టరు జమాబందీ లెక్కలోకే ఎక్కింది.

నా కోరిక రెండే. ఇకపై కంపెనీ గురించి వ్యాసం వేస్తే ఇంజరం, మాధవాయిపాలెం, పద్మనాభం, గుంటూరు అందులో ఉండాలి. బెంగాల్ దగ్గరినుంచి అరువు తెచ్చుకునే అవసరం లేనంత దాఖలాలు మన జిల్లా రికార్డుల్లో ఉన్నాయి. రెండోది, వచ్చే వారం ఒక సవరణ వెయ్యండి. బోల్ట్స్ రాసింది నేతగాళ్ల గురించి కాదు, పట్టు దారం తీసేవాళ్ల గురించనీ, ఆ వేళ్లు కోసుకున్నది వాళ్లేననీ, ఎందుకు కోసుకున్నారో కూడా రాసి, మొదటి వ్యాసం వచ్చిన పేజీలోనే అచ్చువేయండి.

ఇట్లు,
ఒక చరిత్ర పాఠకుడు